కిందికి దిగిన పొలం

మా శీగౌ ఊరి మట్టికి పరీక్ష పెట్టడానికి ఈ వసంతంలో జిల్లా నుంచి ఒక పిల్ల దిగింది. పేరు నింగ్ షూ. ఇరవై నాలుగేళ్ళు, కళ్ళద్దాలు, వీపున ఓ సంచి, సంచిలో ఫారాల కట్ట. దేశంలో ఏ మూల ఎలాంటి మట్టి ఉందో రాసుకు రమ్మని పైనుంచి ఆజ్ఞట. మేం తాతల నాటి నుంచీ ఈ మట్టిని తొలుచుకుని అందులోనే కాపురాలు చేస్తున్నాం, దాని మీదే పండించుకు తింటున్నాం, చివరికి దాన్లోకే పోతున్నాం. ఇన్నాళ్ళకి మా మట్టి ఎలాంటిదో మాకు చెప్పడానికి ఒకరొచ్చారు. మా అదృష్టం ఏమని చెప్పను.

ఊళ్ళో చోటు ఖాళీగా ఉన్న గుహ నాదొక్కటే కాబట్టి ఆ పిల్లని నా నెత్తిన పెట్టారు. వచ్చిన సాయంత్రమే వెచ్చటి మట్టి అరుగు మీద చేరి, కొర్ర జావ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫారం తీసింది.

"మ్యావ్ తాతా, ఇక్కడ ఎంత లోతులో రాయి తగులుతుంది?"

"తగలదమ్మా."

"అలా అంటే ఎలా? అంకె వెయ్యాలి. ఇదిగో, గడి ఉంది."

"మా నాన్న ముప్ఫై నిలువుల బావి తవ్వాడు. నేను ఇంకో అయిదు నిలువులు దింపాను. నీళ్ళు పడ్డాయి గానీ రాయిగారి దర్శనం మా ఇద్దరికీ కాలేదు. నువ్వు చూస్తానంటే పార ఇస్తాను. కాకపోతే నీ పెళ్ళీడు దాటిపోతుంది, అది ఆలోచించుకో."

ఆ పిల్ల నవ్వలేదు. ఫారంలో గడి నూట యాభై సెంటీమీటర్లకే అయిపోయింది. "చాలా లోతు" అని రాసుకుంది. ముప్ఫై అయిదు నిలువుల మట్టి రెండు మాటల్లో సరిపోయింది.

నా పేరు మ్యావ్ దెషెంగ్. అరవై రెండేళ్ళు. మట్టి తవ్వడం నా వృత్తి. బతికున్నవాళ్ళకి గుహలు తవ్వుతాను, పోయినవాళ్ళకి గోతులు తవ్వుతాను. రెండిట్లోకీ రెండోదే నయం. తలుపు సరిగ్గా పడటం లేదని మళ్ళీ ఎవరూ పిలవరు. ఇది చాలదన్నట్టు ఊళ్ళో తగవులు తీర్చే పని కూడా నాకే అంటగట్టారు. జీతం లేదు, తిట్లు మాత్రం ఇరుపక్కల నుంచీ సమానంగా వస్తాయి. ఈ గొడవలో నేను ఇరుక్కున్నది ఆ పని వల్లే.

నాలుగేళ్ళ కిందట కమ్యూను పొలాలు ఇంటింటికీ పంచారు. టోపీలో చీటీలు వేసి తీయించారు. గావ్ వాన్‌త్సాంగ్‌కి లోయలో కట్ట వెనకాల పొలం వచ్చింది. ఆ కట్ట మేమంతా కలిసి వేసింది. వాగుకి అడ్డంగా మూడు చలికాలాలు దిమ్మిసలు కొట్టి మట్టి బిగించాం. కొండల మీద వాన పడినప్పుడల్లా బురద దిగొచ్చి కట్ట వెనక ఆగుతుంది, ఆరాక చదునైన పొలం అవుతుంది. పైవాడి పొలం కరిగితే కిందివాడి పొలం పెరుగుతుందన్నమాట. వాన్‌త్సాంగ్ చేసిన కష్టమల్లా టోపీలో చెయ్యి పెట్టడం. ఆ రోజు నుంచీ మాత్రం వ్యవసాయం ఎలా చెయ్యాలో ఊరందరికీ పాఠాలు మొదలుపెట్టాడు.

శ్వే హాయ్‌తాంగ్ ఇంటికి కొండ నెత్తిన వాలు పొలం వచ్చింది. మరుసటేడు ఆమె భర్త షువాన్‌జూ దగ్గుతో తీసుకుని తీసుకుని పోయాడు. పిల్లల్లేరు. నలభై ఒక్కేళ్ళ మనిషి, ఒక్కతే పేడ బుట్టలు వీపున వేసుకుని ఆ కొండ ఎక్కేది. మా దగ్గర మనిషి పోతే అతని పొలంలోనే పెడతాం. షువాన్‌జూ గొయ్యి నేనే తవ్వాను. పొలం అంచున నిలువునా రెండు నిలువుల లోతు దింపి, అడుగు నుంచి కొండలోకి అడ్డంగా గది తొలిచాను, మొగుడికీ పెళ్ళానికీ సరిపడా. మగవాడిది ఎడమ పక్క. కుడి పక్క ఆమె వచ్చేదాకా ఖాళీగా ఉంటుంది. పైన మట్టి దిబ్బ వేశాం.

పోయిన ఆగస్టులో వాన పడింది. మా మట్టికి ఒక గుణం ఉంది. ఎంత నీళ్ళు పోసినా తాగేస్తుంది, మీద నిలవనివ్వదు. నింగ్ పిల్ల ఫారంలో దీన్ని "నీరు బాగా ఇంకును" అని మెచ్చుకున్నారు. మెచ్చుకోదగ్గదే. కాకపోతే తాగీ తాగీ హద్దు దాటాక మా మావగారిలాగే ఉన్నట్టుండి పడిపోతుంది. ఆ మధ్యాహ్నం హాయ్‌తాంగ్ పొలంలో బయటి సగం, అంచున ఉన్న దిబ్బతో సహా, తెగి వాగులో పడింది. పొద్దుగూకేసరికి వాన్‌త్సాంగ్ పొలం ఎగువ కొసన గుట్టగా పోగై కూర్చుంది. పైన మిగిలింది బారెడు పట్టీ, దాని కింద కత్తితో కోసినట్టు రెండు నిలువుల మట్టి గోడ.

మిగిలిన పట్టీ మీద పండేది ఒక మనిషికి చలికాలం సగం దాకా కూడా రాదు. ఈ సంగతి అందరికన్నా ముందు పసిగట్టింది షువాన్‌జూ తమ్ముడు. రెండు కొండల అవతల ఉంటాడు. చలి మొదలవగానే బండి కట్టుకొచ్చి, హాయ్‌తాంగ్ ఇంట్లో ఉన్న గింజలన్నీ "మా ఇంట్లో భద్రంగా ఉంటాయి వదినా" అంటూ ఎక్కించుకున్నాడు. విత్తనాల జాడీలేవని గుహంతా తిరగేశాడు. ఎలకలు తిన్నాయంది ఆవిడ. "కొర్రలు చల్లే వేళకి వస్తాను," అన్నాడు. "అప్పటికి నీకు చల్లుకునే చోటు లేకపోతే బండెక్కెయ్. మా ఇంట్లో నీకేం లోటు? పదకొండు పందులున్నాయి, చూసుకునే మనిషి లేదు." వదిన అంటే అంత అభిమానం.

ఆవిడకి ఈ ఊరు వదలడం ఇష్టం లేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, మంచు కురుస్తున్నా రోజూ కొండెక్కి ఆ మిగిలిన పట్టీ మీద పార పట్టుకుని తిరిగేది. చూసినవాళ్ళు పాపం మతి చెడిందనుకున్నారు.

చింగ్‌మింగ్ నాడు వాన్‌త్సాంగ్ రొప్పుకుంటూ నా గుమ్మంలోకొచ్చాడు.

"మ్యావ్ అన్నా, తొందరగా రా. ఆవిడ నా పొలంలో కాగితాలు కాలుస్తోంది."

పోయినవాళ్ళ సమాధులు ఊడ్చి, కాగితం డబ్బు కాల్చి, తిండి పెట్టి మొక్కడం ఆ రోజు అందరూ చేసేదే. ఇంకొకడి మొక్కజొన్న మోళ్ళ మధ్య చెయ్యడం మాత్రం నేనూ వినలేదు. వెళ్ళాను. నా వెనకే నింగ్ పిల్ల, ఆ పిల్ల వెనక పని లేని ఊరంతా.

పోయినేడు దిగిన మట్టి గుట్ట మీద హాయ్‌తాంగ్ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు పళ్ళెంలో నాలుగు ఆవిరి రొట్టెలు. షువాన్‌జూ తాగే రకం సిగరెట్టు ఒకటి వెలిగించి మట్టిలో గుచ్చింది.

"వదినా, ఇది నా పొలం," అన్నాడు వాన్‌త్సాంగ్.

"నీదే, ఎవరు కాదన్నారు? ఆ మోళ్ళ దాకా నీది. ఈ గుట్ట నాది."

"నీది కొండ మీదుంది."

"ఉండేది. ఆగస్టులో దిగింది. పొలంతో పాటు ఆయనా దిగాడు. పైన దిబ్బ ఉందేమో వెళ్ళి చూసుకో. ఈ మట్టిలోనే ఎక్కడో ఉన్నాడు. ఏ మూల అని అడక్కు, నాకూ తెలీదు. అందుకే మొత్తానికీ మొక్కుతున్నాను."

వాన్‌త్సాంగ్ తన కాళ్ళ కింద చూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. కాస్త ఆలోచించి ఇంకో రెండు వేశాడు.

"మట్టికి పేరు రాసి ఉంటుందా?" అన్నాడు అక్కణ్ణుంచి. "ఇక్కణ్ణుంచి పసుపుపచ్చ నది దాకా ఒకటే మట్టి. ఎడారి నుంచి గాలి మోసుకొచ్చింది. కావాలంటే ఈ చదువుకున్న పిల్లనడుగు."

"అవును, గాలి తెచ్చిందే," అంది నింగ్ పిల్ల. మొదటిసారి ఎవరో తనకి తెలిసిన ప్రశ్న అడిగారు. "లక్షల ఏళ్ళ నుంచీ పొర మీద పొర..."

"విన్నావా వదినా? గాలి తెచ్చింది నీదెలా అయింది?"

"గాలి పిండి తెచ్చింది. పేడ నేను తెచ్చాను. నీకు పేడ కూడా గాలే తెచ్చి పెడుతుందా వాన్‌త్సాంగ్?" హాయ్‌తాంగ్ ఒక గడ్డ విరిచి చూపించింది. "ఇదిగో మా పొయ్యి బూడిద. ఇదిగో నీలం అంచు పెంకు. మా అత్తగారు నా మీదికి విసిరిన గిన్నె ఇది. ఆవిడ గురి ఎప్పుడూ అంతంతే."

జనం నవ్వారు. వాన్‌త్సాంగ్‌కి మండింది. పెంకులతో, బూడిదతో తనకి పని లేదన్నాడు. మనిషి కిందికి దిగాడో లేదో అది తేలాలన్నాడు.

"తవ్వి చూసుకో," అంది ఆవిడ.

ఎవరు తవ్వుతారు? వాన్‌త్సాంగ్ నా వైపు తిరిగాడు.

"గొయ్యి తవ్వింది నువ్వే కదా అన్నా. నువ్వు పైకెళ్ళి చూసి రా. గొయ్యి అక్కడే ఉంటే ఈవిడ మళ్ళీ ఈ మట్టి మీద కాలు పెట్టకూడదు."

"లేకపోతే?"

"లేకపోతే మనిషి మీద నాగలి తోలే పాపిష్టివాణ్ణా నేను? ఈ గుట్ట మేరా ఆవిడకే వదిలేస్తాను."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఊరంతా వింది. హాయ్‌తాంగ్ మాత్రం నా మొహం చూడలేదు. వంగి కాగితం బూడిద మీద మట్టి కప్పుతూ కూర్చుంది. నేను దింపింది రెండు నిలువుల గొయ్యి, గది ఇంకా లోపలికి ఉంది. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. గొయ్యి తెగినా గది మిగిలే ఉంటుందని అప్పుడే అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొండెక్కాను. పై పట్టీ ఎలాగూ చూడాలని నింగ్ పిల్ల కూడా వచ్చింది. వచ్చి ఊరుకుందా? నడుం లోతు గుంట నాతోనే తవ్వించింది. గుంట గోడకి కొలబద్ద వేలాడేసి, పైనుంచి కింది దాకా మట్టి గిల్లి రంగుల అట్టలతో పోల్చుకుంది. చిటికెడు తడిపి వేళ్ళ మధ్య రుద్దింది, తాడులా పేనింది, చెవి దగ్గర పెట్టుకుని కూడా వింది. చిన్న సీసాలోంచి ఏదో పులుపు చుక్క వేస్తే మట్టి బుసబుసమంది.

"సున్నం ఉంది," అంది, పెద్ద సంగతి బయటపెట్టినట్టు.

"ఉంటుంది. మేమూ పులుపు పోస్తాం, కాకపోతే నూడిల్స్ మీద."

"తాతా, పై నుంచి కింది దాకా ఒకటే తీరు. గులకరాయి లేదు, నీరు నిలిచిన జాడ లేదు, వేళ్ళు ఎంత కిందికి దిగాయో చూడు. ఇంత మంచి మట్టి నేను పుస్తకంలో తప్ప చూడలేదు."

"పుస్తకంలో ఉన్నది కొండ దిగి పారిపోదు కదా."

ఆ పిల్ల కుండెడు నీళ్ళు గుంటలో పోసి గడియారం పట్టుకుని కూర్చుంది. ఆ సందులో నేను పక్క దారిన గోడ కిందికి దిగాను. వాగు వైపుకి తిరిగిన గోడ అది. ఊళ్ళోంచి కనపడదు, అటు ఎవరూ వెళ్ళరు. మా మట్టిని ఏటవాలుగా కోస్తే కారిపోతుంది, నిలువుగా కోస్తే వందేళ్ళు నిలబడుతుంది. ఆ గోడ అలాగే నున్నగా నిలబడి ఉంది.

నా నిలువు గొయ్యి లేదు. దిబ్బా లేదు. రెండూ బయటి సగంతో పాటు పోయాయి. కానీ గోడ అడుగున, గది మూతి ఉండాల్సిన చోట, తలుపంత మేర మట్టి వేరుగా ఉంది. రంగు అదే, నునుపు అదే. తడిమి చూస్తే దిమ్మిస దెబ్బల వరస తెలుస్తోంది. ఈ ఊళ్ళో మట్టి బిగించే చేతులన్నీ నాకు తెలుసు, సగం మందికి నేనే నేర్పాను. ఈ దెబ్బలన్నీ కుడికి ఒరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటం. కట్ట వేసిన మూడు చలికాలాలూ నా పక్కన నిలబడి దిమ్మిస వేసిన హాయ్‌తాంగ్‌ది ఎడమచెయ్యి.

గునపంతో పళ్ళెమంత కన్నం చేసి అగ్గిపుల్ల వెలిగించాను. ఎడమ పక్క షువాన్‌జూ పెట్టె అలాగే ఉంది, ఎర్ర రంగు కూడా పోలేదు. ఎక్కడికీ దిగలేదు మహానుభావుడు. కుడి పక్క ఖాళీగా ఉండాలి. లేదు. మూడు జాడీలు వరసగా కూర్చుని ఉన్నాయి, మూతులకి మట్టి మెత్తి. చెయ్యి చాపి ఒకదాని మూత కదిలించాను. కొర్రలు. విత్తనం కొర్రలు, ఏరి పెట్టినవి. వేళ్ళ సందుల్లోంచి గలగలా జారాయి, ఒక్క గింజకి కూడా చెమ్మ లేదు.

"చూశావా బాబాయ్."

వెనక హాయ్‌తాంగ్, చేతిలో పార. ఎంతసేపటి నుంచి ఉందో.

"చూశాను."

"మరిది ఇల్లంతా తిరగేస్తాడని ముందే తెలుసు. ఇక్కడ వెతకడు కదా అని తెచ్చి పెట్టాను. ఇంకెక్కడ దాచినా చెమ్మో, ఎలకలో. ఇది నువ్వు తొలిచిన గది, చుక్క నీరు దిగదు."

"నీ చోట్లో పెట్టావు."

"నా చోటే కదా. నేనొచ్చేదాకా ఊరికే ఉండటమెందుకు? ఆయనేం అనుకోడు. బతికుండగా కూడా విత్తనాల పక్కనే పడుకునేవాడు. నా పక్కన కన్నా అక్కడే నిద్ర బాగా పట్టేది."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. నలభై ఏళ్ళుగా గోతులు తవ్వుతున్నాను. తన గోతిలో విత్తనాలు దాచుకున్న మనిషిని చూడలేదు.

"ఇప్పుడు నన్నేం చెప్పమంటావ్?"

"ఉన్నదే చెప్పెయ్. నిన్ను అబద్ధం ఆడమని నేను అడగను. తగవులు తీర్చే మనిషివి."

"కింద గుట్ట నీకు వస్తే ఏమవుతుందో ఆలోచించావా? బతికినన్నాళ్ళూ చింగ్‌మింగ్‌కి ఆ గుట్ట మీదే ఏడవాలి, అక్కడే కాగితాలు కాల్చాలి. ఇక్కడికి ఒక్క అగరొత్తి తెచ్చినా ఊరు చూస్తుంది. మొగుడు ఇక్కడ, నీ మొక్కులన్నీ వాన్‌త్సాంగ్ మోళ్ళకి."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"పందుల దగ్గరికి పోతే ఇటు వైపు అసలే రాను కదా బాబాయ్." అంతవరకూ గట్టిగా ఉన్న మనిషి పార మీద వాలిపోయి ఏడ్చింది. "కింద పొలముంటే రోజూ ఈ దారినే వెళ్తాను. అగరొత్తి లేకపోతే పోనీ. ఇటు చూసుకుంటూ అయినా వెళ్తాను."

ఇలాంటప్పుడు ఏమనాలో నాకు ఎప్పుడూ తెలీదు, అందుకని తిట్టాను. కన్నం నేనే పూడ్చాను. ఆవిడ దిమ్మిస అందుకోబోతే లాక్కున్నాను.

"ఎడమచేత్తో కొట్టకు. చూడటం వచ్చినవాడు చూస్తే నీ పేరు చదివేస్తాడు."

మొత్తం తలుపు మేరా కుడిచేతి దెబ్బలతో మళ్ళీ బిగించి, పార వెనకతో నునుపు చేశాను. నా చేత్తో చేసిన పని కాబట్టి చెబుతున్నాను, ఇక అది కొండే.

"తాతా, కిందేమైనా దొరికిందా?" పైనుంచి నింగ్ పిల్ల కేక.

"దొరికింది. మట్టి."

మధ్యాహ్నం వాన్‌త్సాంగ్ పొలంలో ఊరంతా చేరింది. పొయ్యి మీద కూడు వదిలేసి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"పైకెళ్ళి చూశాను. దిబ్బ లేదు. నేను దింపిన నిలువు గొయ్యి లేదు. ఆ రెండూ కొండతో పాటు తెగి, ఇదిగో ఈ గుట్టలోకి వచ్చాయి. నేను తవ్విన మట్టి నేను గుర్తుపట్టగలను."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాను, అంతే. తగవులు తీర్చే పనిలో నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

"మరి ఆయన?" అన్నాడు వాన్‌త్సాంగ్, గొంతు తగ్గించి.

"నన్నడుగుతావేం? నీ పొలం, నీ పార. తవ్వి చూసుకో."

వాన్‌త్సాంగ్ పార వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు. నిన్న అందరి ముందూ అన్న మాట ఒకటుంది కాబట్టి, అది నిలబెట్టుకుంటున్న పెద్దమనిషిలాగా ఛాతీ విరుచుకున్నాడు. గుట్ట మేరా వదిన ఉంచుకోవచ్చన్నాడు. గట్టు నేనే వేశాను. వేస్తుంటే పక్కనే నిలబడి, "ఇంకాస్త ఇటు అన్నా," అంటూ తన వైపుకే జరిపించాడు.

"ఎందుకురా?"

"ఎంత ఎత్తు నుంచి పడ్డాడో ఏమో. చెయ్యో కాలో ఇటు వచ్చి ఉండొచ్చు."

అలా అయిదడుగులు జరిపించాడు. వదులుకుంటున్నప్పుడు కూడా వాన్‌త్సాంగ్ మిగతావాళ్ళకి పాఠం చెబుతూనే ఉంటాడు.

నింగ్ పిల్ల రెండు నెలలు మా చుట్టుపక్కలే తిరిగింది. వెళ్ళేలోపు కట్ట పొలంలో కూడా కుండెడు నీళ్ళు పోసింది. కట్ట దగ్గర పోసిన నీళ్ళు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాయి, కప్ప వచ్చి చూసిపోయింది. గుట్ట మీద పోసినవి జావ తాగేలోపు మాయమయ్యాయి. "ఈ పొలం మొత్తంలో మంచి మట్టి ఆ కొస గుట్ట ఒక్కటే," అని ఫారం చూసి మరీ వాన్‌త్సాంగ్‌కి చదివి వినిపించింది. మిగతాదంతా కొన్నాళ్ళకి చవుడు పడుతుందని కూడా చెప్పింది. చదువుకున్న పిల్ల, ఎవరికి ఏం చెప్పాలో తెలీదు. వాన్‌త్సాంగ్ వారం రోజులు ఎవరికీ పాఠాలు చెప్పలేదు. ఊరికి అదో సుఖం.

మే నెలలో మరిది బండి కట్టుకుని వచ్చాడు. హాయ్‌తాంగ్ గుట్టని చదును చేసి, గాడిదని అరువడిగి, కొర్రలు చల్లుతోంది. వాడు గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"విత్తనాలెక్కడివి వదినా? ఎలకలు తిన్నాయన్నావు."

"తిరిగిచ్చాయి," అంది ఆవిడ, చల్లడం ఆపకుండా.

బండి ఖాళీగానే వెళ్ళింది. పదకొండు పందుల బతుకు ఏమయిందో నాకు తెలీదు.

నింగ్ పిల్ల బయల్దేరే రోజున సంచి సర్దుకుని, ఫారాలు ముందేసుకుని నా అరుగు మీదే కూర్చుంది. కొండ మీది పట్టీ తాలూకు ఫారం ఒక్కటి పూర్తి కాలేదంది. లోతు, రంగు, సున్నం, నీరు ఇంకే తీరు, అన్నీ నిండాయి. చివరి గడి ఒక్కటి మిగిలింది.

"ఈ నేల ఇప్పుడు దేనికి వాడుతున్నారు? పంట, మేత, చెట్లు, శ్మశానం, ఖాళీ. ఒకటే రాయాలి."

"నువ్వే చూశావుగా, రాసుకో."

ఆ పిల్ల కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఆ రోజు నీళ్ళు త్వరగా ఇంకిపోయాయి తాతా. చేసేదేం లేక అంచు మీద పడుకుని కిందికి చూశాను."

పొయ్యిలో పుల్ల ఎగదోశాను. గుమ్మంలోంచి కిందికి చూస్తే గుట్ట పొలంలో హాయ్‌తాంగ్ వంగి కలుపు తీస్తోంది. ఆమె నడుం ఎత్తినప్పుడల్లా ఓసారి కొండ వైపు చూస్తోంది.

"జిల్లాలో ఈ కాగితం చాలామంది చదువుతారు," అంది నింగ్ పిల్ల మెల్లగా. "ఏం రాయమంటావు?"

"పంట అని రాయమ్మా," అన్నాను.

రాసుకుంది.